సంస్కృత నాటకాలలో మందు, విషము

శాకుంతలాన్ని మనలో చాలమంది ప్రేమకథగానే చదువుతారు. మందుల కోసం వెదకి చదివితే అందులో చిన్న వైద్యశాలే ఉన్నది. ఆశ్రమం దగ్గరపడిందని దుష్యంతుడు గుర్తుపట్టిన ఆనవాళ్ళలో ఇంగుదీ ఫలాలు నలుగగొట్టిన జిడ్డురాళ్ళు ఒకటి. ఆ నూనె మందుగా చేసే పని నాలుగవ అంకంలో తెలుస్తుంది. దర్భమొన గుచ్చుకొని నోరు పుండుపడిన లేడిపిల్లకు శకుంతల పూసినది ఇంగుదీ తైలమే. ఇంగుది అనగానే ఎక్కడిదో దేవలోకపు చెట్టనిపిస్తుంది గాని, అది తెలుగుదేశపు మెట్టలలో ముళ్ళతో నిలిచే గారచెట్టు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు గార అనే చెప్పాలని నా మనవి. లేకపోతే చెట్టూ తెలియదు, మాటా మిగలదు. మూడవ అంకంలో తాపానికి ప్రియంవద తీసికొనిపోయే ఉశీరలేపనం వట్టివేళ్ళ పూత. వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకొనే మనకు దాని చలువ వేరే చెప్పనక్కరలేదు.

రాజధానిలో అడుగుపెడితే అదే మందు భయపెడుతుంది. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో, రాక్షసమంత్రి పక్షపు వైద్యుడు అభయదత్తుడు చంద్రగుప్తునికి విషచూర్ణం కలిపిన ఔషధం సిద్ధంచేస్తాడు. బంగారుపాత్రలో రంగు మారడం కనిపెట్టి చాణక్యుడు త్రాగనివ్వడు. ఆ మందు వైద్యునిచేతనే త్రాగిస్తారు, వాడు చనిపోతాడు. ఇది వట్టి నాటకపు చమత్కారమని కొట్టివేయరాదు. 1909లో మైసూరులో శామశాస్త్రిగారు అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రంలో, రాజుకిచ్చే మందును వండినవాడు, నూరినవాడు, వైద్యుడు కూడా ముందుగా రుచిచూడవలెనని ఉన్నది. అందులోనే అడవిసరుకుల పట్టికలో కలప, వెదురులతోపాటు కాలకూటం, వత్సనాభం వంటి విషాలూ ఉన్నవి. అంటే విషం కూడా సర్కారు గిడ్డంగి సరుకే! వత్సనాభమంటే మన వైద్యులు నాభి అనే హిమాలయపు దుంప. శుద్ధిచేస్తే మందు, చేయకుంటే ప్రాణాంతకం. విశాఖదత్తుడు మాత్రం తన చూర్ణం ఏ మొక్కదో చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

విషమే లేని విషవైద్యం చూడాలంటే మాళవికాగ్నిమిత్రం చదవాలి. విదూషకుడు గౌతముడు వ్రేలికి మొగలిముల్లు గుచ్చుకొని, పాము కరచిందని గోలపెడతాడు. మన బరంపురం దాపున గంజాం తీరంలో మొగలిపూలు కోసేవారిని అడిగితే ఆ ముళ్ళ పదును చెబుతారు. విరుగుడుకు పాముబొమ్మ గల వస్తువు కావాలని ధ్రువసిద్ధి అనే వైద్యుని దగ్గరనుండి కబురు వస్తుంది. ధారిణీదేవి పాపం జాలిపడి తన సర్పముద్ర ఉంగరం ఇస్తుంది. అది చూపించి, ఆమె చెరపెట్టించిన మాళవికనే విడిపిస్తారు. తరువాత గౌతముడు కునుకుతీస్తుండగా ఒక పరిచారిక వంకరకర్ర మీద పడవేస్తుంది. పామనుకొని కేకలువేస్తాడు, మొగలిముల్లుతో చేసిన దొంగకాటుకు ఫలం దక్కిందనుకొన్నాడట!