కల్లుపాకలు, పాటదారులు

ఇంగ్లండు దేశమున పానశాలకు ఒక పేరు, వాకిట ఒక బొమ్మపలక ఉండును. మద్యము కాచి అమ్మువారు ఇంటిముందు గుర్తు కట్టవలెనని రెండవ రిచర్డు రాజు 1393లోనే ఆజ్ఞాపించెను. 1552లో న్యాయాధిపతుల అనుమతి లేనిదే పానశాల నడపరాదని చట్టము వచ్చెను. నడపువాడు ఆ ఇంటనే కాపురముండును. తండ్రి తరువాత కొడుకు నడపినవి పెక్కు. అందుచేత మూతపడిన పానశాలకు సైతము అక్కడివారు యజమానుల వరుస చెప్పి చరిత్ర వ్రాయుదురు.

మన వైపు అట్టి వరుస ఏర్పడుటకే వీలు లేకపోయెను. దానికి కారణమేమో విచారింతము.

విశాఖపట్టణమునకు ఉత్తరమున, గోస్తనీ నది యొడ్డున, కలకత్తా మద్రాసు రాజమార్గముపై తగరపువలస ఉన్నది. చేరువనే భీమునిపట్టణపు రేవు. డచ్చివారి చేతినుండి 1825లో ఆంగ్లేయులకు వచ్చిన ఆ రేవునుండి గోగునార 'బిమ్లీ జనుము' అను పేర విదేశములకు ఎగుమతి అయ్యెను. పొరుగున చిట్టివలసలో జనపనార మిల్లు వెలసెను. బండ్లు తోలువారు, మూటలు మోయువారు, మిల్లు కూలీలు ప్రొద్దు వాలిన పిమ్మట చేరు చోట్లు రెండు: కల్లుపాక, సారాకొట్టు.

ఈ రెండును ఒకటి కావు. కల్లు నిలువ ఉండదు. తెల్లవారుజామున దింపినది సాయంకాలమునకు పులిసిపోవును. కావున పాక తాటితోపు దగ్గరనే ఉండవలెను. గీచువాడు, అమ్మువాడు, త్రాగువాడు ఒకరినొకరు ఎరిగియుందురు. ఈ మండలమున గీత వృత్తి యాతలది. సారా కాచి అమ్ముట సెగిడీల కులవృత్తి. సారా ఎంత కాలమైనను నిలుచును, ఎంత దూరమైనను పోవును. దూరమున కాచిన సరకును తెచ్చి అమ్మువానికి ఊరితో చుట్టరికము అక్కరలేదు.

కుంపిణీ ప్రభుత్వము 1820లో అబ్కారీ శాసనము చేసి, అమ్మకపు హక్కును ఇజారాకు ఇచ్చెను. 1886లో మద్రాసు అబ్కారీ చట్టము వచ్చెను. గీచు ప్రతి చెట్టుకును పన్ను పడెను. చెట్టుపై గుర్తు వేయనిదే కత్తి పెట్టరాదు. దుకాణమును వేలము పాటలో హెచ్చు పాడినవానికి కట్టబెట్టిరి. అతడే పాటదారు. గడువు ముగియగానే మరల పాట, మరల క్రొత్త పాటదారు. కొద్దికాలపు గడువులో పాట సొమ్ము, వడ్డీ, లాభము రాబట్టుకొనవలసినవానికి దుకాణపు పేరు నిలుపుకొను చింత ఎందులకు? కల్లులో నీరు కలుపుట, అప్పు పెట్టి త్రాగించుట, కూలి డబ్బులు ముట్టు దినమున వాకిట కాచుకొనుట, ఇవన్నియు ఆ పాటలోనుండి పుట్టినవే. గురజాడవారు 'కన్యాశుల్కము'లో దుకాణదారును, బైరాగిని, హెడ్డు కనిస్టీబును ఒకచోట కూర్చి నవ్వించిరి. ఆ నవ్వు వెనుక ఈ లెక్క కలదు.

కొండలలో ఇది నవ్వుతో పోలేదు. అనాదిగ తమ ఇంటికి తాము గీచుకొను కల్లుపై చిగురుపన్ను మోపగా రంప ప్రజలు 1879లో తిరుగబడిరి. సహాయనిరాకరణ దినములలో, 1921లో, కాంగ్రెసువారు సారాపాటలను బహిష్కరింపజేసిరి.

రాజగోపాలాచారి ప్రభుత్వము 1937లో సేలముజిల్లాలో మద్యనిషేధము ఆరంభింపగా, 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతయు వ్యాపించెను. పాకలు మూతపడెను, పాటదారుతో పాటు గీత కార్మికుడును కూడు పోగొట్టుకొనెను. దొంగసారా పెరిగెను. నిషేధమును తొలగింపుమని రామమూర్తి సంఘము చెప్పినను ప్రకాశంగారి ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆ వివాదములోనే 1954 నవంబరున అది పడిపోయెను. ఒక కల్లుకుండ మంత్రివర్గమును కూల్చెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

తరువాత నిషేధము సడలెను. పాటలు మరల వచ్చెను. వాటికి ఎదురు నిలిచినవారు స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొన్న ఇల్లాండ్రు 1992లో సారా దుకాణము మూయించిరి. ఉద్యమము జిల్లాలు దాటెను. 1993 అక్టోబరులో సారాయి, 1995 జనవరిలో మద్యమంతయు నిషిద్ధమయ్యెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధమును ఎత్తివేసిరి. సారాకొట్టు మాత్రము తిరిగి రాలేదు. చిట్టివలస మిల్లును 2009లో మూతపడెను. కొట్టును లేదు, దాని వాకిట జీతపు రాళ్లు లెక్కించిన మనిషియు లేడు.

2019లో ప్రభుత్వమే దుకాణములు నడపెను. 2024లో చీట్లు తీసి ప్రైవేటువారికి ఇచ్చెను. పాట పోయి చీటి వచ్చినది. గడువు మాత్రము అట్లే ఉన్నది. పానశాల మంచిదా చెడ్డదా అను వాదము పాతది. అమ్మువాడు ఊరివాడా, గడువువాడా అను ప్రశ్న అంతకన్న ముఖ్యమని మేము తలంతుము. ఊరివానిని ఇరుగుపొరుగు ఇల్లాలు నిలదీయగలదు. గడువువానిని నిలదీయుటకు దూబగుంట కావలసివచ్చెను.