ఏంజెల్ చేప అడిగే నీళ్లు

వేలూరులోనో గుడియాత్తంలోనో అక్వేరియం షాపులో కొన్న ఏంజెల్ చేప అమెజాన్ నీళ్లు చూసి ఉండదు. దాని తల్లిదండ్రులు చూడలేదు, తాతముత్తాతలూ చూడలేదు. ఇవాళ అమ్మకానికి వచ్చే ఏంజెల్స్‌లో దాదాపు అన్నీ తొట్లలో పుట్టి పెరిగినవే. దక్షిణ అమెరికా అడవి నదుల చేప నూరేళ్లలో ఇంటి చేప అయిపోయింది. ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు: గుడ్లు పొదగాలంటే దానికి తన పాత నది నీళ్లలాంటి మెత్తని నీళ్లే కావాలి. వేలూరు, గుడియాత్తం ఉన్న పాలారు లోయలో ఏంజెల్స్ పెంచేవారికి చిక్కంతా అక్కడే.

ఈ చేప తొలిసారి పుస్తకాలకెక్కింది 1823లో, బెర్లిన్‌లో. మ్యూజియం నమూనాను చూసి షుల్జ్ దానికి పెట్టిన పేరు ‘జీయస్ స్కలారిస్’. 1831లో ఫ్రాన్సులో కువియే, వాలెన్సియెన్ రాసిన చేపల గ్రంథంలో అదే ‘ప్లాటాక్స్ స్కలారిస్’ అయింది. రెండూ సముద్రపు చేపల ప్రజాతులే. పళ్లెంలా పల్చగా, నిలువుగా పెరిగే ఇలాంటి ఒళ్లు సముద్రపు చేపలకే ఎక్కువ మరి. చిక్కుముడి వీడింది 1840లో. ఆస్ట్రియాకు చెందిన యోహాన్ నాటెరర్ 1817 నుంచి 1835 దాకా బ్రెజిల్‌లో తిరిగి పక్షుల్నీ జంతువుల్నీ చేపల్నీ సేకరించి వియన్నాకు పంపాడు. ఆ చేపలను పరిశీలించిన శాస్త్రవేత్త హెకెల్ దీనికి ‘టెరోఫిల్లం’ అని సొంత ప్రజాతినే ఏర్పరచాడు. టెరోఫిల్లం స్కలారె అన్న పేరే ఇప్పటికీ నిలిచింది.

ఏంజెల్‌కు నిలువు చారలు, ఆ పల్చని ఒళ్లు ఊరికే రాలేదు. నీట మునిగిన కొమ్మలు, వేళ్ల మధ్య నిలబడితే చేప శత్రువు కంట పడదు. రియో నీగ్రో లాంటి నదుల్లో కుళ్లిన ఆకుల టానిన్ దిగి నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. వాటిలో కాల్షియం నామమాత్రం, పులుపు గుణం ఎక్కువ.

20వ శతాబ్దం తొలి దశాబ్దం ముగిసే వేళకు ఈ చేపలు ప్రాణాలతో హాంబర్గ్ రేవుకు చేరాయి. ఇంచుమించు అప్పుడే, 1909లో, మద్రాసు మెరీనా తీరంలో ప్రభుత్వం అక్వేరియం తెరిచింది. గాజు వెనక చేపను చూడటం దక్షిణాది జనానికి అలా అలవాటైంది. హాంబర్గ్‌కు వచ్చిన ఏంజెల్ కొద్ది సంవత్సరాల్లోనే జర్మనీ తొట్లలో పిల్లల్ని చేసింది. అక్కణ్నుంచి దాని చరిత్ర పెంపకందారుల చేతిలోకి వెళ్లింది.

1950లలో నలుపు బయటపడింది. 1960లలో అమెరికాలో చార్లెస్ యాష్ మార్బుల్ రకాన్ని నిలబెట్టాడు. బంగారు రంగు, పొడవాటి తోకలు కూడా వచ్చాయి. ఏ రంగు ఎలా దిగుతుందో 1980లలో జోఆన్ నార్టన్ అనే జన్యుశాస్త్రవేత్త జతలు కట్టి, పిల్లల్ని లెక్కపెట్టి, అభిరుచిదారుల పత్రికల్లో వివరించింది. నలుపు జన్యువు ఒక్కటుంటే ‘బ్లాక్ లేస్’, రెండుంటే పూర్తి నలుపు. రెండు బ్లాక్ లేస్ చేపలు జతకడితే పిల్లల్లో సుమారు పావు వంతు నల్లనివి, సగం లేస్, మిగతావి మామూలు వెండి రంగువి. కాలేజీ పాఠంగా మాత్రమే చదివిన మెండెల్ సూత్రాన్ని ఇంట్లో కళ్లారా చూడటానికి ఇంతకంటే అందమైన దారి లేదు.

తమిళనాడులో ఈ చేపకు పుట్టిల్లు చెన్నైలోని కొళత్తూరు. సిమెంటు తొట్లలో రంగు చేపలు పెంచడం అక్కడ ఎన్నో కుటుంబాలకు జీవనం. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపలు అక్కణ్నుంచి ఊళ్లకు వెళతాయి. 2019 వేసవిలో మాత్రం పట్టాలమీద నీళ్లే ఎదురు ప్రయాణం చేశాయి. చెన్నై చెరువులు ఎండిపోతే జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీరు రైలెక్కి గుడియాత్తం, కాట్పాడిల మీదుగా కొళత్తూరు పక్కనే ఉన్న విల్లివాక్కం చేరింది. అది జనం తాగడానికి తెచ్చిన కావేరి నీరు. రైలు సాగిన దారిలో కొంత మేర పాలారు ఇసుక మేటగా పడి ఉంది.

పాలారు కర్ణాటకలో పుట్టి, కుప్పం పక్కగా తమిళనాట దిగుతుంది. పలమనేరు కొండల వైపు నుంచి గుడియాత్తం మీదుగా వచ్చే కౌండిన్య నది అందులో కలుస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతపు తోళ్లు తంగేడు బెరడుతో పదునయ్యేవి. ఆ బెరడులో ఉన్నదీ టానినే, రియో నీగ్రోకు రంగిచ్చే పదార్థం. తర్వాత క్రోమియం, గుట్టలకొద్దీ ఉప్పు వచ్చాయి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట టానరీల మురుగు పాలారులోకి, బావుల్లోకి దిగింది. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు కలుషితం చేసినవారే నష్టం భరించాలని తేల్చి, టానరీలకు తలా 10,000 రూపాయల జరిమానా వేసింది. తీర్పు దేశ పర్యావరణ చట్టానికే మూలస్తంభమైంది. భూమిలోకి దిగిన ఉప్పు మాత్రం తీర్పుతో పైకి రాదు.

ఉప్పు, సున్నం ఎక్కువైన బోరు నీళ్లలో పెద్ద ఏంజెల్ హాయిగానే బతుకుతుంది, జతకడుతుంది, గుడ్లూ పెడుతుంది. కానీ అవి మర్నాటికే తెల్లబడి బూజు పడతాయి. కాల్షియం మితిమీరిన నీటిలో ఫలదీకరణ సరిగా జరగదు. తప్పు జతది కాదు, నీళ్లది. ఇక్కడే వాన ఆదుకుంటుంది. 2003లో తమిళనాడు ప్రతి ఇంటికీ వాననీటి సేకరణను తప్పనిసరి చేసింది. తొలి జల్లులు వదిలేసి, మేడ కడిగాక పట్టిన వాననీటిని కొద్దిపాటి బోరు నీటితో కలిపితే రియో నీగ్రోకు దగ్గరైన నీళ్లు తయారవుతాయి. ఎండిన నాటు బాదం ఆకు ఒకటి వేస్తే టానిన్ కూడా దిగుతుంది. వాన లేని నెలల్లో ఆర్వో నీళ్లు ఆ పని చేస్తాయి.

ఆడా మగా గుర్తుపట్టడం కష్టం కాబట్టి అరడజను పిల్లల్ని కలిపి పెంచి, వాటంతట అవే జతకట్టే దాకా ఆగాలి. అందుకు ఎనిమిది, పది నెలలు పడుతుంది. జత ఒక మూల ఆక్రమించి, నిలువుగా పెట్టిన పలకనో పైపునో నోటితో శుభ్రం చేస్తుంది. ఆడది వరసలుగా వందల గుడ్లు అతికిస్తుంది, మగది వెనకే వస్తుంది. 27, 28 డిగ్రీల వేడిలో రెండు, రెండున్నర రోజులకు పొదుగుతాయి. మరో నాలుగైదు రోజులు పిల్లలు అంటిపెట్టుకుని తోక ఆడిస్తాయి. ఈదడం మొదలెట్టగానే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిరు రొయ్యలు) లాంటి సన్నని ఆహారం అందాలి. లేకపోతే మొత్తం పోతాయి.

అడవిలో తల్లిదండ్రులిద్దరూ గుడ్లకు విసురుతూ, పిల్లల్ని నోట పట్టి చోటు మారుస్తూ కాపాడతాయి. తొట్లలో మాత్రం బెదిరితే తినేస్తాయని పెంపకందారులు పలకను తీసి, బూజు పట్టకుండా మెథిలీన్ బ్లూ కలిపిన వేరే తొట్టిలో పొదిగిస్తూ వచ్చారు. తరతరాలుగా తల్లిదండ్రుల సంరక్షణ తెలియకుండా పెరిగిన చేపల్లో ఆ గుణం సన్నగిల్లిందని చాలామంది పెంపకందారుల నమ్మకం. అందుకే కొందరు మొదటి రెండు మూడు విడతల గుడ్లు పోయినా సరేనని, తొట్టికి గుడ్డ కప్పి, అలికిడి తగ్గించి, జతకే వదిలేస్తున్నారు. చాలా జతలు నాలుగో విడతకో ఐదో విడతకో పిల్లల వెంట తిరగడం నేర్చుకుంటున్నాయి.