పచ్చిక కోయు యంత్రము: కత్తి తూకము

చిత్తూరు సీమలో తొలకరికి ముందు నాగలి కర్రును కమ్మరి కొలిమికి చేర్చి సాగగొట్టించుట రైతుల పాత అలవాటు. పనిముట్టును పనికి ముందే సరిచేయవలెనను ఈ నియమము గడ్డి కోయు యంత్రమునకును చెల్లును.

ఈ యంత్రమునకు పుట్టినిల్లు పొలము కాదు, బట్టల మిల్లు. ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతమున ఉన్నిబట్టపై లేచిన నూగును కత్తిరించు యంత్రమే ఎడ్విన్ బడ్డింగుకు స్ఫూర్తి యందురు. ఆయన 1830లో గడ్డి కోయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1902లో రాన్సమ్స్ సంస్థ పెట్రోలుతో నడచు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. తరువాత చిన్న ట్రాక్టరు క్రింద ఇనుప గుల్లను బిగించి, అందులో అడ్డముగా తిరుగు కత్తిని నడుపు పద్ధతి వ్యాపించెను.

తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1961లో వ్యవసాయ కళాశాల ఏర్పడినవి. ఇట్టి విశాలమైన ఆవరణములలో పాత యంత్రమైనను చాలకాలము పనిచేయగలదు. కాని కత్తి తూకము తప్పరాదు. కత్తి నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఇరుసునకు 20 సెంటీమీటర్ల దూరమున ఒక కొస 10 గ్రాములు ఎక్కువైనచో, ఇరుసుపై పడు లాగుడు దాదాపు 20 కిలోల బరువంత! అది సెకనుకు 50 మార్లు చుట్టి వచ్చును. బేరింగులు అరుగును, మరలు వదులగును. ఊడిన కత్తి ప్రాణమునకే ముప్పు.

అందుచే ఇంజను ఆపి, ప్లగ్గు తీగను తొలగించి, కత్తిని ఊడదీయవలెను. రెండు అంచులను ఆకురాయితో సమముగా రాచి, నడిమి రంధ్రమును మేకునకు తగిలించి చూడవలెను. ఏ కొస వ్రాలునో దానిని మరికొంత అరగదీయవలెను. గుల్లకు అంటిన తడిగడ్డిని గీకివేయనిచో ఇనుము త్రుప్పుపట్టి చిల్లులు పడును.