ముఖం దాచని వీరులు: కారంపూడి కొణతాలు

కార్తీక అమావాస్య నాటికి పల్నాటి కారంపూడిలో నాగులేటి ఒడ్డుకు, పల్నాటి యుద్ధంలో పోరాడిన వీరుల ఆయుధాలుగా కొలిచే కొణతాలు చేరతాయి. ఆచారవంతులు తమ ఊళ్ల నుంచి మోసుకొచ్చిన ఈ ఆయుధాలకు ఏట్లో స్నానం చేయించి, పసుపు కుంకుమలతో అలంకరించి వీరుల గుడికి తీసుకెళ్తారు. ఆచారం ప్రకారం కొణతం వీరుడి గుర్తు కాదు, వీరుడే.

ఇక్కడే నాకు పశ్చిమాఫ్రికాలోని దాన్ ప్రజల కొయ్య ముఖాలు గుర్తొస్తాయి. ఐవరీ కోస్ట్, లైబీరియాల్లో ఉండే వీళ్ల నమ్మకంలో అడవిలోని ఆత్మ ఒకరి కలలోకి వచ్చి తనకో రూపమిమ్మంటుంది. అలా చెక్కిన ముఖానికి సొంత పేరు, సొంత పని ఉంటాయి. ఎండాకాలపు గాలుల్లో వంటపొయ్యిలు ఆర్పించేది ఒకటి, పరుగు పందేలకు దిగేది మరొకటి. నార దుస్తులు, నడక, పాట, వెంట నడిచే మనిషి, ఇవన్నీ కలిస్తేనే ఆ ఆత్మ. మ్యూజియం అద్దాల వెనక కొయ్య మాత్రమే ఉంటుంది.

పోలిక ఇంతవరకే. దాన్ ముఖం మోసేవాడిని దాచేస్తుంది. కొణతం పట్టినవాడి ముఖం మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అడవి ఆత్మకు ముందు రూపం లేదు; పల్నాటి వీరులేమో బతికి చచ్చిన మనుషులుగానే తలపుకొస్తారు. వాళ్ల రూపురేఖలను, వారి కథ పాడే వీరవిద్యావంతుల పాట అందిస్తుంది గనక వేరే ముఖం అక్కర్లేకపోయిందేమో. ఇది నా ఊహే, రుజువు కాదు.

ఆధారాల బలం కూడా ఒక్కతీరుగా లేదు. పల్నాటి యుద్ధానికి 1182 అనే సంవత్సరం తరచూ చెబుతారు. దానిపై శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యం అంతకు రెండు శతాబ్దాలకు పైగా తర్వాతి మాట. అక్కిరాజు ఉమాకాంతం ఆ కావ్యాన్ని అచ్చువేయించింది 1911లో. గాయకుల నోటి కథకు జీన్ రోఘైర్ చేసిన ఇంగ్లీషు అనువాదం, అధ్యయనం 1982లో వచ్చాయి. కాబట్టి నేటి ఉత్సవాన్ని చూసి పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని తిరిగి రాయడం తొందరపాటు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే ఐదు ఉత్సవ రోజుల వరుస చెప్పేది యుద్ధం ఎలా జరిగిందని కాదు, జనం దాన్ని ఎలా తలుచుకుంటున్నారని. మందపోరు నాటి చాపకూడు అనే సహపంక్తి భోజనం మాటే తీసుకుంటే, కులాలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన వీరుల నాయకుడు బ్రహ్మనాయుడి తలపు అన్నం రూపంలో నిలిచింది. నాకు ఇదే అన్నిటికంటే విలువైన సాక్ష్యం.

ఇనుము వయసు లెక్కకట్టడంతో కొణతాలను తెలుసుకునే పని తీరదు. ఒక్కో కొణతానికీ ఏ ఊరు, ఏ ఇల్లు, ఏ వీరుడి పేరు, ఎప్పుడు మళ్లీ సాగగొట్టారు, అది కదిలేటప్పుడు కథలో ఏ ఘట్టం పాడతారు అన్నది మోసేవాళ్ల మాటల్లోనే నమోదు కావాలి.