క్రాంకు కరువైన రాజ్‌దూత్

1983లో ఎస్కార్ట్స్ వాళ్లు యమహా ఆర్‌డీ 350బీని రాజ్‌దూత్ 350 పేరుతో మన రోడ్ల మీదికి వదిలేనాటికి, దేశం ఇంకా స్కూటర్‌కు పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది. అలాంటి రోజుల్లో రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 347 సీసీ! అసలు జపాన్ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మనకు డ్రమ్ముతో సరిపెట్టారు. ఆ ఒక్క పిసినారితనాన్ని మాత్రం నేను క్షమించను. బలాన్ని 30.5 హార్స్‌పవర్‌కు దించారు. మైలేజీ గోల ఎక్కువయ్యాక ఇంకాస్త పీక నొక్కి 26.5కు తెచ్చారు. మొదటిది హెచ్‌టీ (హై టార్క్), రెండోది ఎల్‌టీ (లో టార్క్). బండి ఉన్నవాళ్లు ఇప్పటికీ కలిస్తే గోత్రాలు చెప్పుకున్నట్టు ముందు ఇదే చెప్పుకుంటారు.

పతనం ఎక్కువ కాలం పట్టలేదు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. అదే ఏడాది ఎస్కార్ట్స్ గూటి నుంచే ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. పెట్రోల్ కొలిచి పోయించుకునే ఇళ్లలో ఈ తాగుబోతు బండికి చోటెక్కడిది? ఆ దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది. తమ్ముడు ఆర్‌ఎక్స్ ఊరూరా తిరిగాడు, అన్న షెడ్డు చేరాడు.

కానీ తయారీ ఆగిన ప్రతి బండీ చావదు. దీన్ని నిజంగా కుంగదీసింది క్రాంకు, అంటే పిస్టన్ల ఊపును తిరుగుడుగా మార్చే ఇరుసు.

కారు క్రాంకు సాధారణంగా ఒకే ముక్క. అరిగితే గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగు వేస్తే మళ్లీ తిరుగుతుంది. ఈ టూ స్ట్రోక్ క్రాంకు అలా కాదు, ముక్కలుగా చేసి ప్రెస్సులో బిగించినది. కనెక్టింగ్ రాడ్ మార్చాలన్నా, నడిమి బేరింగు మార్చాలన్నా మొత్తం విప్పదీయాల్సిందే. రెండు సిలిండర్ల కింద గదులు వేర్వేరుగా గాలి చొరకుండా ఉండాలి కాబట్టి నడుమ ఒక సీలు, రెండు కొసల్లో రెండు సీళ్లు. ఎడమ సీలు ఎండితే బయటి గాలి దూరి మిశ్రమం పలచనై పిస్టన్ పట్టేస్తుంది. కుడి సీలు పోతే గేర్‌బాక్సు ఆయిల్‌ను లోపలికి లాక్కుని తెల్లటి పొగ చిమ్ముతుంది. చాలామంది ఆ పొగను చూసి పిస్టన్ పోయిందనుకుని బోరు చేయించారు. డబ్బు పోయింది, పొగ పోలేదు.

విప్పిన క్రాంకును మళ్లీ ప్రెస్సు చేసి డయల్ గేజ్ పెట్టి ట్రూ చేయాలి. అది మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. సుత్తితో ఎక్కడ ఎంత కొట్టాలో తెలిసిన చేయి కావాలి. అలాంటి చేయి ఉన్నా, విప్పిన ప్రతిసారీ పిన్ను కూర్చునే రంధ్రం రవ్వంత సాగే ప్రమాదం ఉంది. బిగువు తగ్గితే యాక్సిలరేటర్ తిప్పినప్పుడు పిన్ను జరుగుతుంది, క్రాంకు వంకర తిరుగుతుంది, బేరింగులు అరుస్తాయి, ఇగ్నిషన్ పాయింట్ల టైమింగు చెడుతుంది. అప్పుడు కొందరు పిన్నుకు వెల్డింగ్ కొట్టించారు. వెల్డింగ్ పడ్డ క్రాంకును మళ్లీ విప్పి వాడుకోవడం కల్ల.

అలా యజమాని ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి, ఎక్కడో తుక్కులో దొరికిన కంపెనీ క్రాంకు. రెండోది, మార్కెట్లో ఎవరో కొత్తగా చేసి అమ్మేది. మొదటిదాని లోహం మంచిదే, కానీ దాన్ని ఎన్నిసార్లు విప్పారో దాని మీద రాసి ఉండదు. రెండోది నిగనిగలాడుతుంది, పిన్ను గట్టిదనం మాత్రం బండి తోలితేనే తెలుస్తుంది. నాసిరకం రాడ్ కిట్టు నమ్మి నడిరోడ్డు మీద రాడ్ విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దానితో అందరూ కంపెనీ మాల్ వైపే పరుగెత్తారు. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే మొదలైంది. ఒక బండిని బతికించడానికి ఇంకో బండిని కోశారు. పైగా వేగం కోసం పోర్టులు అరగదీసి, ఎక్స్‌పాన్షన్ చాంబర్లు తగిలించి, ఆ అదనపు బలమంతా ముప్పై ఏళ్ల పాత పిన్నుల మీద మోపారు. ఒరిజినల్ అన్న మోజు ఎన్ని ఇంజిన్లను మింగిందో! అంత బలం లాగాలనుకునేవాడికి నమ్మకమైన చోట చేసిన కొత్త క్రాంకే మేలని మెకానిక్కులు చెప్పినా, వినేవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ బండి పలికే ధర వింటే అప్పట్లో కొన్నవాడికే నమ్మబుద్ధి కాదు. విదేశాల నుంచి క్రాంకు భాగాలు తెప్పించుకునే వీలూ వచ్చింది. అయితే అవి వచ్చేసరికి చాలా బండ్లు అప్పటికే విడిపోయి ఉన్నాయి: ట్యాంకు ఒక ఇంట్లో, ఇంజిన్ కేసు ఇంకో ఊళ్లో, కాగితాలు మూడోవాడి బీరువాలో. ఒక బండి నిలబెట్టాలంటే ఈ ముగ్గురినీ ఒప్పించాలి, క్రాంకు బేరం ఆ తర్వాతే.