లేపాక్షి గోడ, తోలుబొమ్మ తెర: నవ్వింది ఎవరు, నవ్వులపాలైంది ఎవరు?

హిందూపురం దగ్గరి లేపాక్షి గుడి గురించి రాసినవాళ్ళు శిల్పుల పనితనం, రాజుల భక్తి గురించి చాలా రాసినారు. గుడి కట్టిన సొమ్ము ఎక్కడిదని అడిగినవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న అడిగింది జనం. శాసనంలో కాదు, కథలో అడిగినారు.

అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ ఈ గుడి కట్టించినారు. ఖజానా సొమ్ము గుడికి వాడేసినాడని నేరం మోపితే, శిక్ష పడకముందే విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకు కొట్టినాడని కథ. గోడమీది ఎర్రమచ్చల్ని ఇప్పటికీ చూపిస్తారు. ఇది నిజంగా జరిగిందా అన్నది కాదు నా ప్రశ్న. అధికారి ఖజానా ముట్టినాడన్న మాటను జనం ఇన్నేండ్లు ఎందుకు మోసినారు?

అదే గుడి కప్పుల మీద మనునీతి చోళుని కథ గీసినారు. ఆవుదూడ చచ్చిందని కన్నకొడుకునే రథం కింద తొక్కించిన రాజు. విరూపణ్ణ సోదరులు దేవుణ్ణి కొలిచే బొమ్మా ఉంది. రాజు న్యాయవంతుడు, అధికారి భక్తుడు! ఇది పాలకుల మాట. జనం కథ దానికి ఎదురుమాట. అయితే ఆ కథలో కూడా తగువు రాజుకూ అధికారికీ మధ్యనే. పన్ను కట్టిన రైతు, బండ మోసిన కూలి అందులో లేరు. చివరికి విరూపణ్ణే త్యాగమూర్తి అయినాడు.

మరి పెద్దల్ని ఎగతాళి చేసిన కళ లేదా? ఉంది. రాతిమీద కాదు, తోలుమీద. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బొమ్మలాటను పేర్కొన్నాడు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కళ ఇంకా బతికుంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రామాయణం నడుస్తుండగా జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూకుతారు. రాముడు పద్యం పాడితే వీళ్ళు ఊరిమాట మాట్లాడతారు. పెద్దమనిషి పిసినారితనం, దొంగభక్తి అన్నీ ఆ మాటల్లో దొర్లుతాయి. బొమ్మ అన్న మాటకు కోపం తెచ్చుకుంటే పెద్దమనిషే చులకనైపోతాడు. కానీ ఆటకు గింజలు కొలిచేదీ ఆ పెద్దమనిషే. ఎగతాళికి హద్దు అక్కడే పడింది.

చిన్నప్పుడు మా నాయన భుజాలమీద కూచోని ఆట చూసినాను. మా వాడోళ్ళం అందరికంటే వెనక. బంగారక్క తన్నులు తింటుంటే మేమూ పగలబడి నవ్వినాం. చదువుకున్నాక తెలిసింది, బంగారక్క, పోలిగాడు దొరలు కారు, మనలాంటోళ్ళే. పెద్దల్ని గిల్లిన నవ్వే కింది మనుషుల్నీ, ఆడవాళ్ళనూ నవ్వులపాలు చేసింది. ఈ రెండో వైపును మన పరిశోధన దాచకూడదు.

తోలు సంగతీ అంతే. తోలు ముట్టినందుకే మాదిగను ఊరిబయట పెట్టినారు. అదే తోలును గీకి రంగులేసి రాముణ్ణి చేస్తే చేతులెత్తి మొక్కినారు. నిమ్మలకుంట కళాకారులు మరాఠీ మూలాల ఆరెవాళ్ళు, మాదిగలు కారు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడం లేదు. తోలుకు దక్కిన మర్యాద తోలుపని చేసిన మాదిగకు ఎందుకు దక్కలేదని అడుగుతున్నాను. అనంతపురం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడ గుడి గడప దాటడానికి 1947 నాటి ఆలయప్రవేశ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు నిమ్మలకుంటలో తోలుతో దీపాల తొడుగులు చేసి అమ్ముతున్నారు. బతుకుదెరువు కాబట్టి తప్పు పట్టలేం. దీపం మీద నెమలి అమ్ముడుపోతుంది, పోలిగాని మాట అమ్ముడుపోదు. శాసనాలు అచ్చేసి దాచుకున్నట్టే ఆ మాటలనూ, తిట్లతో సహా, ఆడించినవాళ్ళ నోటినుంచి రాసిపెట్టుకోవాల. అవీ చరిత్రకు ఆధారాలే.