ఉప్పు తూచిన ఊరు, మనిషి బరువు: మందుల షాపు చరిత్ర

నౌపడ అనగానే మీకు ఉప్పు గుర్తుకు వస్తుంది. సముద్రతీరాన మళ్ళు, వాటి గట్లపై తెల్లని కుప్పలు, కాటాలు, బస్తాలు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల వెడల్పు రైలుమార్గం 1900లో ఈ ఊరి నుంచే బయలుదేరింది. ఇలా తూకం నిత్యకృత్యమైన చోట కూడా మనిషిని తూచిన వాడుక ఇటీవలిదే. మన తరంవారిలో చాలామంది తమ బరువును మొదట చూసుకున్నది ఆసుపత్రిలో కాదు, రైల్వే ప్లాట్‌ఫారంపై నిలిచిన యంత్రంలో. నాణెం వేస్తే చిన్న అట్టముక్క వచ్చేది. ఒకవైపు బరువు, మరొకవైపు జోస్యం. జోస్యాన్నే ముందు చదివేవారమని వేరే చెప్పనక్కరలేదు.

తరువాత ఆ యంత్రం మందుల షాపు గుమ్మంలోకి వచ్చింది. ఆ షాపు చరిత్ర కూడా తెలుసుకోదగినదే. 1930లో రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఏర్పడిన ఔషధ విచారణ సంఘం దేశమంతటా కల్తీ మందులను, శిక్షణ లేని కాంపౌండర్లను చూసి నివ్వెరపోయింది. దాని ఫలితంగా 1940లో ఔషధ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. నమోదైన ఫార్మసిస్టు తప్ప మరొకరు వైద్యుని చీటీకి మందు ఇవ్వరాదని ఈ రెండవ చట్టం చెబుతుంది. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ బోధన ప్రారంభించింది. చట్టమూ చదువూ వచ్చినా, షాపు బల్ల వెనుక నిలిచే వ్యక్తి ఎవరన్నది చాలా ఊళ్ళలో నేటికీ ప్రశ్నే.

బరువు విషయంలో ఆ బల్ల దగ్గర దశాబ్దాలపాటు వినిపించిన కోరిక ఒక్కటే: ఒళ్ళు రావడానికి ఏదైనా ఇవ్వండి. బక్కపలుచని పిల్లకు టానిక్కు, పెళ్ళి కావలసిన అబ్బాయికి ఆకలి మాత్రలు. ఆకలి పెంచుతుందని ఇచ్చిన సైప్రోహెప్టడిన్ నిజానికి అలర్జీ మందు. అంతకంటె ప్రమాదకరమైనవి స్టెరాయిడ్ మాత్రలు. వాటితో నిండుగా కనిపించే ముఖం ఆరోగ్యం కాదు. దాని వెనుక చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముక గుల్లబారుతుంది. దీర్ఘకాలం వాడి హఠాత్తుగా మానితే ప్రాణాపాయం కూడా. ఈ అలవాటును మన సమాజం తగినంతగా నిందించలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అదే బల్ల దగ్గర కోరిక తిరగబడింది. బరువు తగ్గించే మందుల గతం కూడా చల్లనిది కాదు. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ మింగినవారిలో కొందరికి కంటి శుక్లాలు వచ్చాయి, కొందరు జ్వరతాపంతో మరణించారు. ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను చెరిపి 1997లో అమెరికా మార్కెట్టు నుంచి తొలగింది. సిబుట్రమిన్‌ను మన దేశం 2011లో నిషేధించింది. బ్రిటనులో మాత్రం 2009 నుంచి ఆర్లిస్టాట్ తక్కువ మోతాదును చీటీ లేకుండానే ఫార్మసిస్టు ఇవ్వవచ్చు. అయితే బాడీ మాస్ ఇండెక్స్ 28 దాటినవారికే, విచారించిన తరువాతనే. మందు కంటె ముందు ప్రశ్న ఉండటం అక్కడి విశేషం.

మన దేశంలోనూ 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి సలహా చెప్పడం ఫార్మసిస్టు విధి అన్నాయి. 2025లో టిర్జెపటైడ్, బరువు కోసమే ఉద్దేశించిన సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు మన మార్కెట్టులోకి వచ్చాక ఆ విధి బరువెక్కింది. వైద్యుని చీటీ ఉన్నదా, మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో నిలువ ఉన్నదా, వాంతులు ఆగకపోతే ఎవరిని కలవాలి: ఇవన్నీ చెప్పవలసింది ఆయనే.

మీకు ఒక అంకె చెబుతాను. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు. భారతీయులకు 23 దాటితేనే అని 2009లో మన నిపుణులు నిర్ణయించారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే పెరిగిన మనిషి యంత్రంపై తప్పించుకుంటాడు, టేపు దగ్గర దొరుకుతాడు. ఉప్పు తగ్గించిన వారంలో కిలో తగ్గితే సంతోషించవద్దు. పోయింది నీరు, కొవ్వు కాదు. ఇక నీరు తీసే మాత్రలను బరువు కోసం అడిగితే, ఇవ్వనని చెప్పే షాపుకే మరునాడు కూడా వెళ్ళండి.